ఒక కూత తక్కువ

శుక్రవారం ఉదయం ఎనిమిదింటికి, దర్యాప్తు చేస్తున్న తూకం అనే మనిషి చేతిలో ఉన్న సరుకు ఇది: కంపెనీ వాళ్ళిచ్చిన ఒక పేజీ సారాంశం, దాన్ని నమ్మి తను సంతకం పెట్టిన చిత్తు నివేదిక, ఆసుపత్రి గేటు పాసు, సాయంత్రం ఐదింటిదాకా తొమ్మిది గంటల గడువు. అవి కాక మరొకటి ఉంది. దాన్ని సంచిలో వేసుకోవడం కుదరదు. నిన్న విచారణ గదిలో, పదకొండు మంది వింటుండగా, అతని నోటి నుంచి జారిన ఒక మాట.

"నిద్రపోయారా అమ్మా?"

గదంతా నవ్వింది. అడిగింది రక్తనిధి టెక్నీషియన్‌ని. ఆవిడ నవ్వులు సద్దుమణిగేదాకా ఆగి, బల్ల మీది నీళ్ళ గ్లాసు వంకే చూస్తూ, "అది ఎన్నిసార్లు మోగాలి సార్?" అని మాత్రం అంది. అందరూ పొగరనుకున్నారు. తూకం కూడా అనుకున్నాడు.

ఇవాళ పొద్దున పళ్ళు తోముకుంటుంటే ఆ ప్రశ్న అడ్డం పడింది. కునుకు తీసిన మనిషి అలారం మోగిందా అని అడుగుతుంది. ఎన్నిసార్లు మోగాలి అని అడగాలంటే దాన్ని రోజూ చెవి పెట్టి వినే అలవాటుండాలి. ఈ సంగతి నిన్ననే తట్టాల్సింది. ఏ మాటనైనా అరచేతిలో బరువు చూసుకున్నట్టు ఆగి గానీ జవాబు చెప్పడని కదా జనం అతనికి ఆ పేరు పెట్టారు! నిన్న ఆ అరచెయ్యి ఏమైంది?

కేసు చిన్నదే. మంగళవారం మధ్యాహ్నం 12:50 నుంచి 4:30 దాకా ఆసుపత్రి రక్తనిధిలో పెద్ద ఫ్రిజ్ కింది అరలు వేడెక్కాయి. రెండువందల పద్నాలుగు రక్తం సంచులు పనికిరాకుండా పోయాయి. మూడు ఆపరేషన్లు ఆగాయి. ఆ ఫ్రిజ్ పక్కన గోడకు ఒక అలారం పెట్టె ఉంటుంది. లోపల వేడి పెరిగితే కూత పెట్టడం దాని పని. అది నోరు విప్పలేదు. పెట్టెను అమ్మిన కంపెనీ వాదన ఒకటే: "సోమవారం తెల్లవారుజామున పెట్టెలోకి కొత్త సాఫ్ట్‌వేర్ పంపాం. కొత్తదానితో అలారం మోగకపోవడం జరగదు. ఎవరో స్పీకరు తీగ పీకి, తర్వాత మళ్ళీ తగిలించారు." పెట్టె తాళంచెవి ఉండేది టెక్నీషియన్ దగ్గర. సాయంత్రం ఐదింటికి కమిటీ కూర్చుంటుంది. తూకం నివేదిక చదువుతారు, ఆవిడను ఉద్యోగంలోంచి తీసేస్తారు, గుమ్మం దగ్గరే పోలీసులకు అప్పగిస్తారు.

ఐదింటిలోగా తన సంతకాన్ని తనే కొట్టేసుకోవాలా వద్దా అన్నది తేల్చుకోవడానికి తూకం ఆవిడ ఇంటికి బయల్దేరాడు.

*

మేడ మీద రెండు గదులు. తలుపు తీసింది కూతురు. తల్లి చదివిన ల్యాబ్ కోర్సే రెండో ఏడు చదువుతోంది. బుధవారం నుంచి క్లాసుకు వెళ్ళలేదని గుమ్మంలో దుమ్ము పట్టిన బూట్లే చెబుతున్నాయి.

"అమ్మ ఇంట్లో లేదు."

లోపల్నుంచి దగ్గు వినిపించింది.

"మరి ఆ దగ్గెవరిదమ్మా?"

"మా ఇంట్లో దగ్గుక్కూడా రిపోర్టు రాస్తారా? నిన్న 'నిద్రపోయారా' అన్నది మీరేగా? ఇవాళ దుప్పటి ఇద్దామని వచ్చారా?"

తూకం బూట్ల వంక చూస్తూ నిలబడ్డాడు.

"రానివ్వవే," అంది తల్లి లోపల్నుంచి. "వచ్చిన మనిషిని గుమ్మంలో నిలబెట్టి కడిగెయ్యకు. కూర్చోబెట్టి కడుగు."

అతను ప్లాస్టిక్ కుర్చీ అంచున కూర్చున్నాడు. మంచినీళ్ళు వచ్చాయి. తాగడానికి మొహం చెల్లక గ్లాసు పట్టుకునే ఉండిపోయాడు.

"నిన్న మీరొక ప్రశ్న అడిగారు. నేను జవాబు చెప్పలేదు. ఎందుకడిగారది?"

"ఊరికే."

"మీరు ఊరికే అడిగే మనిషి కాదు."

"నిన్న నిద్రపోయే మనిషిని. ఇవాళ ఊరికే అడగని మనిషినయ్యానా? ఒక్క రాత్రిలో బాగా పైకొచ్చాను సార్."

కూతురు ఫక్కున నవ్వి, నవ్వినందుకు తనే చిరాకుపడి మొహం తిప్పుకుంది. తూకం గ్లాసు కింద పెట్టాడు.

"తప్పు మాట అన్నాను. ఒప్పుకోవడానికి నాకు ఈ గది సరిపోదు, పదకొండు మంది ముందు అన్నాను కాబట్టి అక్కడే ఒప్పుకోవాలి. కానీ అక్కడికి ఖాళీ చేతులతో వెళ్తే లాభం లేదు. మీ దగ్గరేదో ఉంది. ఏమిటది?"

ఆవిడ కూతురి వంక చూసింది. కూతురు బీరువా తెరిచి, మడతపెట్టిన బట్టల మధ్య నుంచి ఒక పొడుగు నోట్‌బుక్ తీసింది. ఇవ్వకుండా గుండెకు ఆనించుకుంది.

"ఇస్తే దీన్ని కూడా అమ్మ మీదే వాడతారు."

"వాడొచ్చు," అన్నాడు తూకం. "నిన్నటి నేనైతే వాడేవాణ్ణి."

అమ్మాయి ఇంకాసేపు అతని మొహం చూసి పుస్తకం చేతికిచ్చింది.

పేజీకి ముప్ఫై గీతలు. ప్రతి గీత మీదా తేదీ, 7:15 అనే సమయం, పక్కన ఒక అంకె. ఏడాదంతా ఆ అంకె రెండే. చివరి పేజీలో మాత్రం: ఆదివారం 7:15 — 2. సోమవారం 7:15 — 1. దాని కింద సన్నని అక్షరాలు: "9:12కి ఫోన్ చేశాను. మీది లేటెస్టే అన్నారు." మంగళవారం 7:15 — 1.

"ఇదేమిటమ్మా?"

"కూతలు సార్. పెట్టె బిగించిన రోజు నుంచీ పొద్దున్నే వెళ్ళగానే ఫ్రిజ్ తలుపు తెరిచి పట్టుకుంటా. నిమిషంన్నరకి కూస్తుంది. విన్నాకే మూస్తా. అది వినకపోతే నాకు టీ గొంతు దిగదు."

"రోజూ?"

"పన్నెండేళ్ళుగా. ఇది ఆరో పుస్తకం."

"నిన్న ఎందుకు చెప్పలేదు?"

ఆవిడ మొదటిసారి తల దించుకుంది. "తలుపు మీద బోర్డుంది చూశారా? సంచి తియ్యడానికి తప్ప తెరవకూడదని. కింద సూపరింటెండెంట్ గారి సంతకం. రోజూ తెరుస్తున్నానని నా నోటితో చెబితే, ఫ్రిజ్ పాడైంది నీ వల్లే అంటారు కదా? సోమవారం ఫోన్లో కూడా ఆ భయంతోనే గట్టిగా అడగలేదు. రెండు రావాల్సింది ఒకటే వస్తోందయ్యా అంటే, తలుపెందుకు తీశావని అడుగుతారేమోనని... లేటెస్టే అన్నారు, సరేనని పెట్టేశా. ఆ రోజు సిగ్గు విడిచి పోట్లాడి ఉంటే రెండువందల పద్నాలుగు సంచులు ఉండేవి సార్. నిద్రపోలేదు గానీ, నోరు మూసుకున్న మాట నిజం."

తూకం ఆ అంకె మీద వేలు పెట్టి కూర్చున్నాడు. ఫ్రిజ్‌లో రెండు సెన్సర్లుంటాయి, పైన ఒకటి, కింద ఒకటి. తలుపు తెరిస్తే రెండూ వేడెక్కుతాయి, ఒక్కో దానికి ఒక్కో కూత. ఒకటే కూత వచ్చిందంటే పెట్టె రెండోదాన్ని వినడమే మానేసింది. మంగళవారం పాడైంది కింది ఫ్యాను. పై అరలు చల్లగానే ఉన్నాయి. పెట్టె లెక్క ప్రకారం ఫ్రిజ్ బ్రహ్మాండంగా ఉంది.

రెండు సెన్సర్లనూ వినడం నేర్చుకున్నది సాఫ్ట్‌వేర్ నాలుగో వెర్షన్‌లో. సోమవారం కొత్త వెర్షన్ వెళ్తే పెట్టె రెండో చెవికి ఎందుకు చెవుడొచ్చినట్టయింది?

"పుస్తకం సాయంత్రం తిరిగి ఇస్తాను."

"రాసివ్వండి," అంది కూతురు. అతను రాసిచ్చాడు.

*

పదింబావుకి రక్తనిధి తలుపు దగ్గర కంపెనీ భద్రతాధికారి కాపు కాశాడు. పోలీసు శాఖలో పాతికేళ్ళు చేసి రిటైరైన మనిషి. ఆఫీసులో అందరూ చాటుగా లాకప్ అంటారు. ఆయనకది తెలుసు, పైగా ఇష్టం కూడా.

"నివేదిక టైపవుతోందనుకుంటే తమరిక్కడ ప్రత్యక్షమయ్యారేం?"

"పెట్టె చూడాలి."

"నిన్న చూశారుగా."

"నిన్న మీ కాగితం చూశాను. పెట్టె చూడలేదు."

ఆ మాట అంటుంటేనే తూకానికి చెవులు వేడెక్కాయి. దర్యాప్తు చేసేవాడు ఎదుటివాడు రాసిచ్చిన కాగితం చదివి సంతకం పెట్టడమంటే, మూట విప్పకుండా సరుకు కొన్నట్టే. ఆ పని వేరే ఎవరైనా చేస్తే అతను ఏడాది పొడుగునా చెప్పుకుని నవ్వేవాడు.

"చూడండి," లాకప్ గొంతు తగ్గించాడు. "మీరు మన పాత మనిషి. పదేళ్ళు మన కంపెనీ నీళ్ళు తాగారు. పరాయివాణ్ణి పిలిస్తే గోల చేస్తాడని, పట్టుబట్టి మిమ్మల్ని పిలిపించింది నేను. ఆ గౌరవం నిలబెట్టండి."

"గేటు పాసు మీద ఐదింటిదాకా అని ఉంది. మీరు తప్పుకుంటారా, సూపరింటెండెంట్‌ని పిలిచి అడగనా?"

"ఆవిడ ఏడ్చిందా? ఆడవాళ్ళు ఏడిస్తే కరిగిపోయే రకమని మీ గురించి ఎవరూ చెప్పలేదే."

"ఏడవలేదు. లెక్క చూపించింది."

లాకప్ తప్పుకున్నాడు, కానీ వెళ్ళిపోలేదు. గుమ్మంలోనే భుజం ఆనించి నిలబడ్డాడు.

గదిలో కొత్త ఫ్యాను బిగించిన ఫ్రిజ్ మెల్లగా హోరుమంటోంది. తూకం ముందు స్పీకరు తీగ చూశాడు. కనెక్టరు మీద బిగించిన రోజున వేసిన చుక్క మైనం ఇంకా చెక్కుచెదరలేదు. పీకి మళ్ళీ తగిలిస్తే పగలాలి. పగల్లేదు. మైనం పక్కన చిన్న సాలీడు గూడు కూడా ఉంది. దాన్ని ఫొటో తీసుకున్నాడు. నిన్న ఈ మూత విప్పి ఉంటే అరనిమిషం పని.

తర్వాత ల్యాప్‌టాప్ తగిలించి పెట్టె తనకు తానుగా రాసుకునే చిట్టా తెరిచాడు. కంపెనీ కాగితంలో ఉన్నది ఒక్క ముక్క: "అప్‌గ్రేడ్ విజయవంతం." పెట్టె చిట్టాలో సోమవారం 4:06 దగ్గర ఉన్నది వేరే మాట. ఎక్కించినట్టు లేదు. దించినట్టు ఉంది. నాలుగు పాయింట్ రెండు నుంచి మూడు పాయింట్ ఆరుకి.

కొత్తదాన్ని తెస్తానని వెళ్ళిన పెట్టె ఐదేళ్ళ నాటి పాతదాన్ని తెచ్చుకుంది. ఆ పని సజావుగా పూర్తయింది కాబట్టి, ఏ దిక్కుగా పూర్తయిందో చూడకుండా పైకి 'విజయవంతం' అని కబురు పంపింది.

ఎక్కడో పాత ప్యాకేజీ దొరకడం వింత కాదు. ఈ కంపెనీకి సొంత రిపోజిటరీ ఉంది. వాళ్ళు దాన్ని గోదాము అంటారు. నలభై ఒక్క చోట్ల ఉన్న పెట్టెలన్నీ అక్కణ్ణుంచే సాఫ్ట్‌వేర్ తెచ్చుకుంటాయి. గోదాములో పొరపాటున పాత సరుకు పడి ఉండొచ్చు. కానీ తన దగ్గర మెరుగైనది ఉండగా ఏ యంత్రమూ దాన్ని పారేసి నాసిరకం తెచ్చుకోదు. ఎవరో తెచ్చుకోమని రాసి పెడితే తప్ప.

ఆ రాత ఎక్కడుంటుందో తూకానికి తెలుసు. ఏ గోదాముకు ఎంత పెద్దపీట వెయ్యాలో చెప్పే చిన్న ఫైలు ఒకటుంటుంది. అందులో ఒక అంకె. అది వెయ్యికి లోపల ఉన్నంతకాలం పెట్టె కొత్తదైతేనే తీసుకుంటుంది. వెయ్యి దాటించారా, ఇక బేరం లేదు. గోదాములో ఏది ఉంటే అదే సరుకు, పాతదైనా పుచ్చుదైనా కళ్ళకద్దుకుని తెచ్చుకోవాల్సిందే.

ఫైలు తెరిచాడు. అంకె: 1001.

దాని కిందే ఇంకో పంక్తి: ఏ హెచ్చరిక వచ్చినా ఔననే చెప్పు, ఎవర్నీ అడగకు.

అన్నింటికీ చివర, పన్నెండేళ్ళ కిందటి తేదీతో, రాసినవాడు పెట్టుకున్న చిన్న గుర్తు: "ఇక ఈ పెట్టెల నుంచి ఆదివారం ఫోన్లు రావు. — తూకం."

గుమ్మంలో లాకప్ ఉన్నాడని గుర్తొచ్చి మొహం తెర మీదికి వంచాడు.

అప్పట్లో పెట్టెలు కంపెనీ గోదాము వదిలేసి బయటి గోదాముల నుంచి ఏవేవో తెచ్చుకుని మొరాయించేవి. ప్రతి ఆదివారం ఏదో ఒక చోటు నుంచి ఫోను. ఎందుకలా జరుగుతోందో నిదానంగా కనుక్కోవడానికి వారం పట్టేది. ఆ వారం ఖర్చుపెట్టడం ఇష్టంలేక అంకెను వెయ్యి దాటించాడు, పెట్టెల నోరు కట్టేశాడు. నలభై ఒక్క చోట్లకీ అదే ఫైలు నకలు. ఫోన్లు ఆగిపోయాయి. మెచ్చుకోలు, ప్రమోషన్, ఆ పేరు మీదే తర్వాత సొంత దర్యాప్తు దుకాణం. పెళ్ళిళ్ళలో కూడా చెప్పుకునేవాడు: "ఒక్క అంకెతో ఆదివారాలు కొనుక్కున్నాను బావా!"

ఆ ఆదివారాలకు ఎవరు చెల్లించారో ఇప్పుడు తెలిసింది.

చిట్టాను, ఫైలును ప్రింటు తీశాడు. ఆఖరికి అలవాటు కొద్దీ ఇంకొకటి చూశాడు: ఈ పెట్టెలోకి తనకంటే ముందు ఎవరు వచ్చి వెళ్ళారు? ఒక్క పేరుంది. గోదాము ఇన్‌ఛార్జి, మంగళవారం సాయంత్రం 6:10 నుంచి 6:29. తెరిచింది ఇదే ఫైలు.

తూకానికి కంపెనీ నుంచి పిలుపు వచ్చింది బుధవారం ఉదయం తొమ్మిదింటికి.

"దొరికిందా ఏమన్నా?" అన్నాడు లాకప్ గుమ్మంలోంచి.

"సాలీడు దొరికింది," అన్నాడు తూకం.

*

గోదాము ఇన్‌ఛార్జి ఒకప్పుడు అతని శిష్యుడే. ఇప్పుడు ముప్ఫై ఐదేళ్ళ వాడు, బట్టతల, ఇద్దరు పిల్లలు. చిట్టా అంతా మొదట్నుంచీ తిరగేసి, మధ్యాహ్నం మూడుంబావుకి తూకం కంపెనీ సర్వర్ గదిలోకి వెళ్ళేసరికి భోజనం డబ్బా మూత కూడా తియ్యకుండా ముందు పెట్టుకుని కూర్చున్నాడు.

"రండి గురువుగారూ. మీరొస్తారని తెలుసు."

"ఎప్పుడు తెలుసు?"

వాడు డబ్బాను కాస్త పక్కకు జరిపాడు.

"మూడు పాయింట్ ఆరు గోదాములోకి ఎలా వచ్చింది?"

"శనివారం డిస్కు నిండిపోయింది. ఖాళీ చేద్దామని చేస్తే తప్పు ఫోల్డరు పోయింది. గోదాము మొత్తం ఊడ్చేశాను గురువుగారూ. బ్యాకప్ చూస్తే ఐదేళ్ళ కిందటిది తప్ప ఏదీ తెరుచుకోలేదు. నెలనెలా బ్యాకప్ సరిచూడాల్సింది నేనే, సరిచూశానని సంతకాలు పెట్టిందీ నేనే. ఎవరికి చెప్పుకోను? పాతదే పెట్టేశా. సోమవారం కొత్తవి మళ్ళీ కట్టుకుందాంలే, పెట్టెలు పాతదాన్ని ఎలాగూ తీసుకోవు కదా అనుకున్నా."

"తీసుకుంటాయని తెలియదా?"

"ఆ ఫైలు నేనెప్పుడూ తెరవలేదు. మీరు రాసింది కదా అని వదిలేశా."

తూకం తిడదామని నోరు తెరిచాడు. కానీ ఆ వాక్యంలో తిట్లు తినాల్సిన వాటా మిగతా అందరికంటే తనదే ఎక్కువ.

"మంగళవారం సాయంత్రం తెరిచావు. తర్వాత?"

ఇన్‌ఛార్జి డబ్బా మూత ఊడదీసి చేతిలో తిప్పసాగాడు.

"చెప్పరా. అవతల ఒక మనిషిని ఐదింటికి పోలీసులు తీసుకెళ్తారు. ఆవిడ సోమవారం ఫోన్ చేస్తే లేటెస్టే అని చెప్పింది నువ్వే కదా?"

"నేనే." వాడి కళ్ళు నిండాయి. "మంగళవారం అంతా చూశాక పరుగెత్తుకెళ్ళి సెక్యూరిటీ చీఫ్‌కి, అదే మన లాకప్‌కి, చూపించా. ఆయన ఫైలంతా చదివారు. చివర మీ పేరు చూసి ఒక్కసారిగా నవ్వారు గురువుగారూ. 'దర్యాప్తుకి వీణ్ణే పిలుద్దాం' అన్నారు. 'కనుక్కోలేకపోతే మన అదృష్టం. కనుక్కుంటే ఇంకా మంచిది, తన పేరు బయటపెట్టుకునేంత సిగ్గులేనివాడు కాదు' అన్నారు."

తూకం ముప్ఫై కేసులు తేల్చిన పేరు చూసి పిలిచారనుకున్నాడు. పాత మనిషి అన్న గౌరవం అనుకున్నాడు. వాళ్ళు అతని తెలివిని లెక్కలోకే తీసుకోలేదు. అతని సిగ్గు ఎంత బరువుంటుందో అంచనా కట్టి, అది చాలునని పిలిచారు.

ఇంకా ఘోరం ఏమిటంటే, ఆ అంచనా పెద్దగా తప్పు కాదు. ఆసుపత్రి నుంచి ఇక్కడికి వచ్చే దారిలో ఒక మలుపు దగ్గర అతను ఆలోచించాడు కూడా. దించిన చిట్టా ఒక్కటీ చూపిస్తే ఆవిడ బయటపడుతుంది, ఫైలు చూపించాల్సిన పనేముంది అని.

"గోదాములో ఇప్పుడేముంది?" అన్నాడు, ఆ ఆలోచన నుంచి తప్పించుకోవడానికి.

"అదే. మూడు పాయింట్ ఆరు."

"ఇంకా మార్చలేదా?"

"మారిస్తే తారీఖులు పడతాయి, మనకి ముందే తెలుసని దొరికిపోతాం, శుక్రవారం ఐదు దాటేదాకా ముట్టుకోవద్దన్నారు చీఫ్."

తూకం గోడ గడియారం చూశాడు. మూడు నలభై రెండు. ఏదో గుర్తొచ్చి లేచి నిలబడ్డాడు. "ఒరేయ్. మొదట ఆసుపత్రి ఒక్కదానికి సోమవారం పంపి, ఫిర్యాదు రాకపోతే మిగతా నలభై చోట్లకీ శుక్రవారం వదలడం నేను పెట్టిన పద్ధతే. ఇంకా అదే నడుస్తోందా?"

"అదే."

"ఎన్నింటికి?"

"నాలుగింటికి."

నలభై చోట్లు. మందుల గోదాములు, టీకాల గదులు, ఇంకో రెండు రక్తనిధులు. అన్నింటిలోనూ అదే అంకె. నాలుగింటికి అన్నీ ఒకేసారి తమ రెండో చెవి కోసేసుకుని, 'విజయవంతం' అని కబురు పంపుతాయి.

"ఆపు."

"ఆపితే అదీ రికార్డవుతుంది. చీఫ్ నన్ను—"

"ఒక్కవారం ఒక్క సెన్సరుతో నడిస్తే ఏం కొంప మునుగుతుందన్నాడా ఆయన?"

"అచ్చం అదే మాట అన్నారు."

"నీ పిల్లలకి టీకాలు ఎక్కడ వేయించావు?"

ఇన్‌ఛార్జి చేతిలోని మూత కింద పడింది. లేచి కీబోర్డు ముందుకు వెళ్ళాడు. వేళ్ళు రెండుసార్లు పాస్‌వర్డ్ తప్పు కొట్టాయి. మూడోసారి తప్పయితే సర్వర్ పావుగంట తలుపు మూసుకుంటుంది. మూడు యాభై ఒకటి.

"వదిలెయ్. వైరు పీకు."

"ఏ వైరు?"

"గోదాముకి వెళ్ళే నెట్‌వర్క్ వైరు. నీలం రంగుది. నేనే బిగించాను, నాకు తెలీదా?"

వాడు ర్యాకు వెనక్కి దూరి లాగేశాడు. పచ్చ దీపం ఆరిపోయింది. ఇద్దరూ నేల మీదే కూర్చుని నాలుగయ్యేదాకా ఆ దీపం వంక చూశారు. నలభై పెట్టెలు వచ్చి తలుపు కొట్టి, ఎవరూ పలక్క, ఉన్నదానితోనే సరిపెట్టుకుని వెళ్ళాయి.

"గోదాము రిజిస్టర్‌లో కారణం రాయాలి గురువుగారూ," అన్నాడు ఇన్‌ఛార్జి, ముక్కు తుడుచుకుంటూ.

"రాయి. తూకం రాసిన ఫైలు వల్ల అని మొదలుపెట్టు. నాలుగు పాయింట్ రెండు ఎక్కడన్నా మిగిలిందా?"

"నా ల్యాప్‌టాప్‌లో ఉంది."

"గోదాములో పెట్టి, ఆసుపత్రికి నువ్వే తీసుకురా. తలదించుకునే రా, ఫరవాలేదు. రావడం ముఖ్యం."

*

ఐదింటికి పది నిమిషాలుండగా వరండాలో లాకప్ ఎదురొచ్చాడు. వైరు కబురు అప్పటికే చేరింది.

"చిట్టా ఒక్కటీ చూపించండి. యంత్రం తప్పు చేసిందందాం. ఆవిడ ఇంటికి పోతుంది, మీరూ పోతారు. ఆ ఫైల్లో మూడు పంక్తులు ఎవరిక్కావాలి? తుడిచేస్తే అరనిమిషం."

ఇందాక దారిలో అతను ఆ మలుపు దగ్గర వేసుకున్న లెక్కే ఇది. ఇంకొకరి నోట వింటే ఎంత చవగ్గా ఉందో తెలిసింది.

"మీరు నన్ను బాగానే తూచారు సార్," అన్నాడు తూకం. "కాస్త తరుగొచ్చింది, అంతే."

గదిలో నిన్నటి పదకొండు మందే. టెక్నీషియన్ నిన్నటి కుర్చీలోనే, పక్కన కూతురు. తలుపు దగ్గర ఇన్‌స్పెక్టర్ ఒకాయన కాగితాలతో నిలబడ్డాడు. తూకం తన నివేదిక తీసి, సంతకం ఉన్నచోట అడ్డంగా కొట్టేసి, ప్రింట్లు ఒక్కొక్కటీ బల్ల మీద పెట్టాడు. మైనం, చిట్టా, నోట్‌బుక్. ఆఖరున ఫైలు.

"చివరి పంక్తి కూడా చదవమనండి," అన్నాడు లాకప్ వెనకనుంచి, ఇంకా ఆశ చావక.

"చదువుతున్నాను." చదివాడు. తన పేరు తన గొంతులోనే పరాయిదిలా వినిపించింది. "దీన్ని రాసింది నేను. వారం రోజుల పని తప్పించుకోవడానికి. మంగళవారం సాయంత్రమే ఇది వీళ్ళకి తెలుసు, నా పేరు చూసే నన్ను పిలిచారు. ఆ సాక్షి బయట కూర్చున్నాడు. ఇక నిన్న ఈ గదిలో నేను ఈవిడని ఒక మాట అడిగాను. ఈవిడ పన్నెండేళ్ళుగా రోజూ మెలకువగా ఉంది. నిద్రపోయింది నేను."

ఎవరూ నవ్వలేదు. సూపరింటెండెంట్ కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, ఫిర్యాదులో పేర్లు మార్చమని ఇన్‌స్పెక్టర్‌తో చెప్పాడు. మొదటిది తూకం పేరు. రెండోది లాకప్‌ది. మూడోది ఇన్‌ఛార్జిది.

కూతురు లేచి వచ్చి నోట్‌బుక్ తీసుకుంది. ఉదయం అతను రాసిచ్చిన చీటీ బల్ల మీద పెట్టింది.

"ఆ అంకె వెయ్యికి లోపల పెట్టి ఉంటే సరిపోయేదా?"

"సరిపోయేదమ్మా."

"ఇంతేనా," అంది. ఆ ఒక్క మాటతో అతనికి తల కొట్టేసినట్టయింది.

ఆరుకి ఐదు నిమిషాలుండగా ఇన్‌ఛార్జి రక్తనిధిలో పెట్టెకు నాలుగు పాయింట్ రెండు ఎక్కించడం ముగించాడు. అంకెను తూకం తన చేత్తోనే దించాడు: తొమ్మిదివందలు. తర్వాత ఇన్‌స్పెక్టర్ పక్కన వరండాలోకి వచ్చేశాడు. టెక్నీషియన్ అతని వంక చూడకుండా లోపలికి వెళ్ళింది. క్షమించానని అనలేదు. అడిగే ధైర్యం అతనూ చెయ్యలేదు.

"పదండి," అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"ఒక్క నిమిషంన్నర."

లోపల ఫ్రిజ్ తలుపు తెరిచిన చప్పుడు. బోర్డు మీది సంతకం ఆసామి అక్కడే ఉన్నాడు, తెరవద్దని అనలేదు. తూకం గోడకు ఆనుకుని తన లెక్క చూసుకున్నాడు. పొద్దున తెచ్చుకున్న సరుకులో నివేదిక చెల్లలేదు, సారాంశం చిత్తుకాగితం, గేటు పాసు గడువు తీరింది, గంటలు అయిపోయాయి. పేరు పోయింది. ఐదోది, ఆ మాట, ఉన్నచోటే ఉంది. ఎంత ఒప్పుకున్నా దాని బరువు తగ్గలేదు.

లోపల పెట్టె ఒకసారి కూసింది.

అతను ఒక వేలు మడిచాడు.

రెండోసారి కూసింది.

తలుపు మూసుకుంది. పెన్ను గీతల చప్పుడు సన్నగా వినిపించింది. ఆ రోజు మొత్తానికి తూకం సంపాదించింది ఆ అంకె ఒక్కటే. అదీ ఆవిడ పుస్తకంలోకే వెళ్ళింది.

"ఇక పదండి," అన్నాడు.